దగ్గరి బంధువు వాంగ్మూలం

జూన్ 3

అత్తకి నమస్కారాలు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటి ఇది అనుకుంటున్నావా? మొన్న ఫోన్లో నువ్వు "ఆఁ? ఆఁ?" అంటుంటే నేను అరిచిన అరుపులకి మేడమీద వాళ్ళు దిగొచ్చి, మీ నాన్నగారికి ఎలా ఉందని పరామర్శించి మరీ వెళ్ళారు. ఇంటి గుట్టు వీధికెక్కకూడదంటే ఉత్తరమే నయం. పైగా నువ్వు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదానివి, కాగితం మీద ఉంటేగానీ ఏదీ నమ్మవు.

విషయం ఇది. నాన్నకి మతిమరుపు ముదిరినప్పటి నుంచి సంక్షేమ ఆఫీసువాళ్ళు సంరక్షణ భత్యం ఇస్తున్నారు కదా. నాన్న తరఫున దాన్ని తీసుకునే ప్రతినిధిని నేను. ఆ డబ్బుతోనే పగటిపూట ఆయా వస్తోంది. ఆయా వస్తేనే నేను కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి అద్దాలు అరగదియ్యగలుగుతున్నాను. మూడేళ్ళకోసారి దాన్ని కొత్తగా మంజూరు చేయించుకోవాలట. నేను ఒక ఫారం నింపాలి. ఒక ఆఫీసరు ఇంటికొచ్చి నాన్నని చూస్తాడు. ఇవి కాక, ఆ ఇంట్లో ఉండని దగ్గరి బంధువు ఒకరు వాంగ్మూలం రాసివ్వాలి. తోడబుట్టిన అక్కని మించిన దగ్గరి బంధువు ఎవరు? ఫారం నేరుగా నీకే వస్తుంది, నువ్వు నేరుగా వాళ్ళకే పంపాలి. మధ్యలో నేను చూడకూడదని నియమం. ఏం రాయాలో నీకు నేను చెప్పాలా?

నాన్న అలాగే ఉన్నాడు. పొద్దున్నే లేచి "డ్యూటీకి టైమైంది" అంటాడు. కండక్టరుగా రిటైరై తొమ్మిదేళ్ళయింది నాన్నా అంటే, నేను పరాచికమాడుతున్నానని నవ్వుతాడు. పదకొండో నంబరు బస్సు స్టాపులు ఇరవై ఆరూ పొల్లుపోకుండా ఒప్పజెబుతాడు. మొన్న మాత్రం నన్ను "మీరెక్కడ దిగాలమ్మా?" అని అడిగాడు. ఇంట్లోనే దిగాలి నాన్నా అన్నాను.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నీ మేనకోడలు


జూన్ 11

చిరంజీవి మేనకోడలిని ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరమూ, వాళ్ళ ఫారమూ ఒకేరోజు వచ్చాయి. ఫారంలో నాలుగే నాలుగు గీతలిచ్చారు. నా తమ్ముడు నాలుగు గీతల్లో ఇమిడే మనిషా? విడి కాగితాలు జతచేసి మూడు పేజీలు రాశాను. రెండు చిత్తుప్రతులు చించేసి మూడోసారి సాపు రాసుకుని, నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపాను. బడిలో ఉన్నన్నాళ్ళూ కొన్ని వందలమందికి సత్ప్రవర్తన పత్రాలు రాశాను. నా పత్రం పట్టుకెళ్ళినవాడికి సీటు రాలేదన్న మాట ఏనాడూ వినలేదు. నువ్వు నిశ్చింతగా ఉండు. ప్రభుత్వం ఊరికే ఎవరికీ ఏమీ ఇవ్వదు, యోగ్యుడని తేలాలి. అది తేల్చే పని నేను చేసేశాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి బాగానే ఉన్నాయి, పళ్ళే బాగాలేవు. నా దగ్గర లెక్కల్లో సున్నాలు తెచ్చుకున్న ఒక మహానుభావుడు ఇప్పుడిక్కడ పళ్ళ డాక్టరు. కుర్చీలో పడుకోబెట్టి "నోరు తెరవండి టీచర్, మాట్లాడకండి" అన్నాడు. ఆ మాట అనడానికి పాతికేళ్ళు కాచుకున్నట్టున్నాడు.

ఆఫీసరు వచ్చే రోజున ఇల్లు సర్ది ఉంచు. నీ కుర్చీల మీద ఎప్పుడూ బట్టలే ఉంటాయి. లోపలున్న చిన్న కవరు తమ్ముడికి. చదువుకోవడం వాడికి ఇంకా వచ్చు కదా. నువ్వు విప్పకు, అక్కాతమ్ముళ్ళకి సవాలక్ష మాటలుంటాయి.

ఆశీస్సులతో,
మీ అత్త


జూన్ 27

అత్తా,

నమస్కారం. ఆఫీసరు వచ్చి వెళ్ళాడు. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చుకో.

పదింటికి వస్తానన్నవాడు తొమ్మిదిన్నరకే తలుపు కొట్టాడు. నాన్న స్నానం అయిందో లేదో చూద్దామని గదిలోకి వెళ్ళేసరికి, యూనిఫాం చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉన్నాడు. గుండీలు నేనో ఆయానో పెట్టాలి, పెట్టుకోవడం మర్చిపోయి ఏడాది దాటింది. ఆయాని బతిమాలి పెట్టించుకున్నాడట. జేబులో నీ చీటీ. "ఆఫీసరు వస్తున్నాడు. యూనిఫాం వేసుకో. నిటారుగా నిలబడు. అడిగినదానికి గట్టిగా జవాబు చెప్పు. మన ఇంటి పరువు నీ చేతిలో ఉంది. మీ అక్క." చదివి జేబులో పెట్టుకోవడం, మర్చిపోవడం, మళ్ళీ తీసి చదవడం. ఎన్నిసార్లు చదివాడో, మడతలు చిరిగిపోయాయి.

ఆఫీసరు గొడుగు మూల పెట్టి కూర్చున్నాడు. "మీరు ఏం చేసేవారండీ?" అన్నాడు. అంతే. డిపో, పెద్దాసుపత్రి, నీళ్ళ ట్యాంకు, కోర్టు... ఇరవై ఆరు స్టాపులూ, ఏ స్టాపు నుంచి ఏ స్టాపుకి ఎంత టికెట్టో సహా. ఈ రోజు తారీకెంత అంటే గోడమీది క్యాలెండరు చూపించి, "అదిగో, కళ్ళెదురుగానే ఉంది కదండీ" అన్నాడు. ఆఫీసరు పడీపడీ నవ్వాడు. "మీకు ఎవరి సాయమైనా కావాలనిపిస్తుందా?" అని అడిగితే, "నాకెందుకు సార్? మెట్లెక్కలేని ముసలివాళ్ళకి నేనే చెయ్యిస్తాను" అన్నాడు.

అప్పుడు నేను నోరు విప్పాల్సింది. పాలు పొయ్యిమీద పెట్టి మర్చిపోయిన సంగతి, స్నానాల గదిలో లోపల గడియ పెట్టుకుని తీసుకోలేక అరగంట ఏడ్చిన సంగతి, అన్నీ చెప్పాల్సింది. నాన్న మొహం చూశాను. ఎంత వెలిగిపోతోందో. నీళ్ళు నమిలాను.

నువ్వు రాసిన మూడు పేజీల్లో అవన్నీ ఉంటాయన్న ధైర్యంతో ఉన్నాను.

నీ మేనకోడలు


జూలై 4

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా తమ్ముడు ఫస్టు క్లాసులో పాసైనట్టే! నీకు అనుమానాలెక్కువ. వాడు ఒక్క ప్రశ్నకైనా తడబడ్డాడా? ఇక మంజూరు కాకపోవడమంటూ ఉండదు. చిన్నప్పుడూ అంతే. పరీక్ష రేపనగా పుస్తకం ముట్టేవాడు కాదు, నేను చెవి మెలిపెట్టి కూర్చోబెడితే పొద్దున్నే వెళ్ళి అన్నీ రాసొచ్చేవాడు. ఈసారి చెవి అందక చీటీ పంపాను, అంతే తేడా.

కుడివైపు దవడ పన్ను తీసేశాడు ఆ సున్నాలవాడు. నొప్పి ఎడమవైపు తగ్గింది. ఎలా తగ్గిందో వాడికీ తెలీదు, నాకూ తెలీదు.

మీ అత్త


జూలై 19

అత్తా,

భత్యం రద్దు చేశారు.

వాళ్ళు పంపిన కాగితంలోది ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "అభ్యర్థి సోదరి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు సమర్పించిన వాంగ్మూలం ప్రకారం అభ్యర్థి మిక్కిలి చురుకైనవారు, క్రమశిక్షణ గలవారు, జ్ఞాపకశక్తిలో సాటిలేనివారు, ఒకరి సాయం కోరడం ఎరుగనివారు. అధికారి స్వయంగా చూసినదీ దీనినే బలపరుస్తున్నది. కాబట్టి సంరక్షణ అవసరం లేదని భావించడమైనది."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. అత్తా, ఇది మంచివాళ్ళకిచ్చే బహుమతి కాదు. తన పని తను చేసుకోలేనివాళ్ళకిచ్చే చేయూత. వాళ్ళు అడిగింది నాన్న ఏమేం చెయ్యగలడని కాదు, ఏమేం చెయ్యలేడని. ఫారం పైనే రాసుంటుంది. నువ్వు చదవలేదా? చదివినా నీ తమ్ముడి గురించి ఇలాంటి ప్రశ్న అడగరులే అనుకున్నావా?

తప్పు నాదీ ఉంది. నీకు అరటిపండు ఒలిచినట్టు చెప్పి ఉండాల్సింది. ఆఫీసరు ముందు నేనూ నోరు మూసుకున్నాను.

ఆయాని ఈ నెలాఖరు దాకానే రమ్మనగలను. ఆగస్టు ఇరవైలోగా అప్పీలు పెట్టుకోవచ్చు. దానికి నీ వాంగ్మూలం మళ్ళీ కావాలి, ఈసారి నిజంగా జరిగినవాటితో. ఇంకొక్క మాట, దాచిపెట్టడం నాకిష్టం లేదు. అప్పీలులో ఆ వాంగ్మూలాన్ని నాన్న ముందు పైకి చదువుతారు. తన గురించి ఎవరేం చెప్పారో తెలుసుకునే హక్కు ఆయనకి ఉందట. విన్నాక ఆయన సంతకం పెట్టాలి.

నీ మేనకోడలు


జూలై 26

అమ్మాయీ,

ఉత్తరం అందింది.

నా తమ్ముడు ఎందుకూ పనికిరానివాడని నా చేత్తో రాయించి, దాన్ని వాడి ముందే చదివిస్తారా? నేను రాయను. నిన్నగాక మొన్నటిదాకా బస్సు ఎక్కినవాడికీ నడిపినవాడికీ వాడంటే గౌరవం. నలుగురికి దారి చూపించినవాడు.

అసలు ఈ కాగితాలన్నీ ఎందుకో నాకు అర్థమవుతూనే ఉంది. చేతకానివాడని ముద్ర పడితే ఏదో ఒక ఆశ్రమంలో చేర్పించడం తేలిక. నీకు అంత బరువైతే ఆ మాటే చెప్పు. నేనింకా బతికే ఉన్నాను.

మీ అత్త


ఆగస్టు 1

అత్తా,

"చిరంజీవి" కూడా లేకుండా "అమ్మాయీ" అని మొదలుపెట్టావు. ముప్పై ఎనిమిదేళ్ళలో అలా ఎప్పుడూ పిలవలేదు. చాలా బాధేసింది.

నాన్నని ఎక్కడికీ పంపను. ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను, ఒకటి రెండుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నామీద నాకే అసహ్యం వేసింది.

ఆయా నిన్నటితో మానేసింది. ఇవాళ ఏం చేశానో చెబుతాను విను. పొద్దున నాన్నకి భోజనం బల్లమీద పెట్టి, పొయ్యి కట్టేసి, నాన్నని లోపల ఉంచి బయట తాళం వేసి షాపుకెళ్ళాను. ఎవరిదో ఎడమ కంటి అద్దం పాడుచేశాను. యజమాని ఇంకో అద్దం తీసి బల్లమీద పెట్టాడు. మధ్యాహ్నం పరిగెత్తుకుంటూ ఇంటికొస్తే నాన్న కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమ్మా, బస్సు డోరు తెరుచుకోవడం లేదు, ప్యాసింజర్లు ఇబ్బంది పడుతున్నారు" అన్నాడు. ఆయన వెనకాల గదిలో ఎవరూ లేరు.

కన్నతండ్రిని తాళం వేసి బంధించాను అత్తా. రేపూ వేస్తాను. పని మానేస్తే తినడానికి ఉండదు, మానకపోతే ఇది.

ఆయన ఎందుకూ పనికిరానివాడని రాయమనలేదు. నాలుగు రోజులు వచ్చి ఉండు. నువ్వు చూసిందే రాయి. ఏమీ లేకపోతే ఏమీ లేదనే రాయి, ఒప్పుకుంటాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే మాత్రం నేను చెయ్యగలిగింది లేదు.

నీ మేనకోడలు


ఆగస్టు 13

నా బంగారు కోడలికి,

క్షేమంగా ఇల్లు చేరాను. నిన్న నీ దగ్గర ఉన్నంతసేపూ చెప్పలేకపోయాను. మొహం చూస్తూ చెప్పలేని మాట కాగితం మీద చెప్పడం నాకు బడిలోనే అలవాటు.

మంగళవారం నువ్వు పనికెళ్ళాక తాళం తీసేశాను. మనిషన్నాక గాలి తగలాలి, నేనుండగా భయమేమిటి అనుకున్నాను. "అలా నాలుగడుగులు వేసొద్దాం రా" అన్నాను. వాడు యూనిఫాం వేసుకున్నాడు, గుండీలు నాచేత పెట్టించుకున్నాడు, నా చేతిసంచీ భుజాన తగిలించుకున్నాడు. సరాసరి స్టాపుకి నడిచి పదకొండో నంబరు ఎక్కేశాడు. వెనకాల నేను. ఎంత హుషారుగా ఎక్కాడో చూసి నాకు గర్వమేసింది, నిజం చెబుతున్నాను. డ్యూటీలో ఉన్న కండక్టరు అమ్మాయికి వాడు తెలుసు. "కూర్చోండి సార్" అంది. కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర నిలబడి "ముందుకు జరగండి, ముందుకు" అంటూ, ఒక గర్భిణికి సీటిప్పించాడు.

బస్సు ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొస్తుంటే మీ వీధి వచ్చింది. "దిగుదాం రా" అన్నాను. "డ్యూటీలో ఉండగా నేనెక్కడికి దిగుతానండీ? మీరు దిగండి, జాగ్రత్త" అన్నాడు. నన్ను. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ "ఒసే అక్కా" అనేవాడు. నేను దిగలేదు. చివరిదాకా వెళ్ళాం, వెనక్కి వచ్చాం. మళ్ళీ మీ వీధి. మళ్ళీ అదే మాట. చెవి మెలిపెడదామని చెయ్యి లేచింది, అందరూ చూస్తున్నారని దించేశాను. అలా మూడు రౌండ్లు తిరిగాం. రెండో రౌండులో వాడి ప్యాంటు తడిసింది. వాడికి తెలీలేదు. నా శాలువా నడుముకి చుట్టాను. "థాంక్సండీ, చలిగానే ఉంది" అన్నాడు.

మూడో రౌండు చివర డిపోలో ఆ అమ్మాయి వచ్చి వాడి ముందు నిలబడి, "సార్, మీ షిఫ్టు అయిపోయింది. బ్యాగు నాకివ్వండి" అంది. వెంటనే నా సంచీ తీసి ఆమె చేతిలో పెట్టి దిగిపోయాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు తట్టని మాట ఆ పిల్లకి తట్టింది. దిగాక రోడ్డు మీద అటూ ఇటూ చూసి, "ఇప్పుడు నేనెటు వెళ్ళాలండీ?" అని అడిగాడు. అన్ని స్టాపులూ తెలిసినవాడికి తను దిగాల్సింది ఎక్కడో తెలీదు. నేను రోడ్డు మీదే ఏడ్చాను. నన్ను ఓదార్చాడు, పాపం.

నిన్ను ఆశ్రమం మాట అన్నాను. నా నోరు పడ. చిన్నదానివైనా నిన్ను క్షమించమని అడుగుతున్నాను.

వాంగ్మూలం ఇవాళే పంపాను. ఈసారి ఒక్క పేజీ. దాచకుండా నీకూ చెబుతున్నాను, ఇలా రాశాను:

"నా తమ్ముడికి గుండీలు పెట్టుకోవడం రాదు. తలుపు గడియ తియ్యడం రాదు. ప్యాంటులో ఒంటికి పోసుకున్నా తెలుసుకోలేడు. తోడబుట్టిన నన్ను గుర్తుపట్టలేదు. ఒంటరిగా ఇల్లు చేరలేడు. ఆగస్టు పదకొండున ఒకే బస్సులో మూడు రౌండ్లు తిరిగాడు, దిగమంటే దిగలేదు. నేనూ తిరిగాను. మొదటి వాంగ్మూలంలో నేను రాసింది అబద్ధం కాదు, కానీ అది పాతికేళ్ళ కిందటి మనిషి గురించి. ఇప్పటి మనిషికి రోజంతా పక్కన ఒకరుండాలి. అలా ఉంటున్నది వాడి కూతురు."

పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి వెనక్కి తీసుకోవాలనిపించింది. ఇది వాడి ముందు చదువుతారు. ప్యాంటు తడిసిందని నలుగురిలో వింటాడు. రాసింది అక్క అని తెలుస్తుంది. నేను వాడికి ద్రోహం చేశానే తల్లీ. ఆ రోజు నువ్వు వాడి పక్కనే కూర్చో. వాడి మొహం ఎలా ఉందో నాకు నిజమే రాయి.

ప్రేమతో,
అత్త


సెప్టెంబరు 5

అత్తా,

ముందు అసలు సంగతి. భత్యం మళ్ళీ మంజూరైంది. సోమవారం నుంచి ఆయా వస్తోంది. తాళం తీసుకెళ్ళి పాత సామాన్లవాడికిచ్చేశాను.

ఇక నువ్వు అడిగింది. నిజమే రాస్తున్నాను.

చిన్న గది. బల్లకి అటు అప్పీళ్ళు వినే ఆఫీసరు, ఆవిడొక పెద్దావిడ. ఇటు నాన్న, నేను. నాన్న యూనిఫాంలోనే వచ్చాడు, వద్దనలేకపోయాను. ఆవిడ "మీ గురించి రాసినది చదువుతానండీ" అని మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడిగా చదివింది. నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకి వంగి విన్నాడు. గడియ మాట వచ్చిన దగ్గర తల ఊపాడు. తడిసిన చోటు వచ్చినప్పుడు నేను నేల చూశాను. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుందామని చూస్తే, ఆయనే నా చెయ్యి నిమురుతున్నాడు.

చదవడం అయిపోయింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాపం, ఎవరమ్మా ఆయన?" అన్నాడు.

ఆవిడ నావైపు చూసింది.

"ఇచ్చెయ్యండమ్మా. ఇలాంటివాళ్ళకి కాకపోతే ఇంకెవరికిస్తారు?" అన్నాడు. మళ్ళీ తనే, "ఆయనకి నా అన్నవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు.

"కూతురుంది నాన్నా" అన్నాను. "అక్క కూడా ఉంది. ఈ కాగితం రాసింది ఆ అక్కే."

ఆవిడ చూపించినచోట సంతకం పెట్టాడు, కాగితంలోని ఆ మనిషి కోసం తను సాక్షి సంతకం పెడుతున్నాననుకుని. పెట్టి, కలం మూత బిగించి ఆవిడకి తిరిగిచ్చాడు.

"ఆ అక్కకి వాడంటే ప్రాణమమ్మా. లేకపోతే మూడు రౌండ్లు ఎవరు తిరుగుతారు?" అన్నాడు.

నీ
మేనకోడలు